వేసవి, కుక్క, మెడలో బిళ్ళ

మా ఊళ్ళో ఎండాకాలం మొదలైందని చెప్పడానికి పంచాంగం అక్కరలేదు. తాటిముంజల కావిడి సందులోకి వచ్చేది. దాని వెనకనే నాలుగు రోజుల తేడాలో టముకు వచ్చేది. పురపాలక సంఘం వారు వీధికుక్కలను నిర్మూలించబోతున్నారనీ, పెంపుడు కుక్కలున్నవారు రుసుము చెల్లించి బిళ్ళ తీసుకుని మెడకు కట్టి వాటిని ఇంట్లోనే ఉంచుకోవాలనీ, లేనిచో జరిగే నష్టానికి సంఘం బాధ్యత వహించదనీ ఆ టముకు సారాంశం. నాలుగు వీధుల కూడలిలో నిలబడి బంట్రోతు అరుస్తుంటే పిల్లలమంతా వెంటపడి వినేవాళ్ళం. అది మా ఇంటికి కూడా సంబంధించిన మాట అని మాత్రం నాకెప్పుడూ తోచలేదు.

మాకు మోతీ అని ఒక నల్లకుక్క ఉండేది. ఉండేది అంటున్నానే కాని, పెంచాం అనడానికి ఇప్పుడు నోరు రావడం లేదు. రాత్రి మిగిలిన అన్నం పెట్టేవాళ్ళం. పేరు పెట్టాం, పిలిస్తే వచ్చేది. మిగతా వేళల్లో అది ఊరి కుక్క. 1978 వేసవిలో అమ్మ బిళ్ళ సంగతి గుర్తు చేస్తే నాన్నగారు, “మోతీ మనదని ఊళ్ళో ఎరగనివాళ్ళెవరే? దానికి బిళ్ళెందుకు?” అన్నారు. ఆయన లోభి కాదు. తెలిసిన ఊళ్ళో తెలిసిన కుక్కకు గుర్తు అవసరం లేదన్నది ఆయన నమ్మకం, అంతే.

ఆ వారంలోనే వెనక వీధిలో నాతో చదువుకునే పిల్లవాణ్ణి ఒక నల్లకుక్క కరిచింది. వాడికి బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. తరవాత మూడో రోజో నాలుగో రోజో, మిట్టమధ్యాహ్నం వేళ, మోతీ వీధి తలుపు గోకుతుంటే నేనే గడియ తీసి వదిలాను. సాయంత్రానికి అది సంతబజారు కల్వర్టు పక్కన పడి ఉంది, మందు కలిపిన మాంసం ముక్క తిని.

అప్పుడు ఏడ్చాను. మందు పెట్టినవాళ్ళను నాకు తెలిసిన తిట్లన్నీ తిట్టాను. ఆ పిల్లవాణ్ణి కరిచింది మోతీయేనేమో అన్న ప్రశ్న మాత్రం చాలా ఏళ్ళ తరవాత గాని నాలో తలెత్తలేదు. తలెత్తాక మరి పోలేదు. వేసవికీ కుక్కకూ మనిషికీ మధ్య నడిచిన చరిత్రను నేను వెతుక్కుని చదవడం ఆ ప్రశ్న వల్లనే మొదలయింది. అలా చదివినదాంట్లో కొంత ఇక్కడ చెబుతాను.

*

ఎండకు కుక్కకు పిచ్చెక్కుతుందన్న నమ్మకం మన ఒక్కరి సొత్తు కాదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మనవాళ్ళు అన్నట్టే, మధ్యధరా తీరంలో గ్రీకులు కూడా తమ మండువేసవికి ఆకాశంలో ఒక గుర్తు పెట్టుకున్నారు. రాత్రి ఆకాశంలో అన్నిటికంటె ప్రకాశవంతమైన నక్షత్రాన్ని మనవాళ్ళు లుబ్ధకుడు అన్నారు, అంటే వేటగాడు. గ్రీకులు పక్కనున్న నక్షత్రరాశిలో వేటగాణ్ణి చూసి, ఈ నక్షత్రాన్ని అతని వేటకుక్కగా భావించారు. కొంతకాలం కనబడకుండా పోయిన ఆ నక్షత్రం నడివేసవిలో సూర్యోదయానికి కాస్త ముందు మళ్ళీ తూర్పున కనబడేది. సూర్యుడి వేడికి దాని వేడి కూడా తోడవుతుందని వారనుకున్నారు. జ్వరాలు తెచ్చే నక్షత్రంగా హోమరు ఇలియడ్‌లో దాని ప్రస్తావన ఉంది. రోమనులు ఆ దినాలను కుక్క దినాలన్నారు. ఆంగ్లంలో ‘డాగ్ డేస్’ అన్న మాట ఈనాటికీ నిలిచివుంది.

నక్షత్రం పేరులో కుక్క ఉంది గనక నేల మీది కుక్కకు ముప్పు వచ్చింది. పైరు మాడకుండా ఉండాలని రోమనులు ఎర్రకుక్కలను బలి ఇచ్చేవారు. క్రీస్తుశకం 1వ శతాబ్దికి చెందిన ప్లీనీ, ఈ నక్షత్రం మండే రోజుల్లోనే కుక్కల పిచ్చి మనిషికి ప్రాణాంతకమని రాసి, ఆ 30 రోజులూ వాటి తిండిలో కోడిరెట్ట కలిపి పెట్టమని సలహా ఇచ్చాడు. ఆ సలహా విని నవ్వుకోవచ్చు. కాని అందులోని మొదటి సగం, అంటే పిచ్చికి కారణం ఎండే అన్న భాగం, పందొమ్మిదో శతాబ్ది దాకా యూరపులో చదువుకున్నవాళ్ళ నోట కూడా నడిచింది.

నిజానికి రేబిస్ ఎండలో పుట్టదు. జబ్బుపడిన జంతువు లాలాజలంలో ఉన్న వైరస్ గాయం ద్వారా మరొక ఒంట్లోకి ప్రవేశించడం వల్ల వస్తుంది. ఆ లాలాజలాన్ని గాయానికి పూసి, జబ్బు అలాగే అంటుతుందని జర్మనీలో జింకె అనే వైద్యుడు 1804లోనే నిరూపించాడు. చలికాలమైనా వానాకాలమైనా దానికి ఒకటే.

ఎండ కుక్కను చేసేది వేరు. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. అరికాళ్ళలో స్వల్పంగా పడుతుంది, అంతే. ఒంటి వేడి తగ్గించుకోవడానికి దానికున్న ముఖ్యమైన దారి నాలుక చాచి రొప్పడం. నీడా నీరూ దొరకక వేడి హద్దు దాటితే నోట చొంగ కారుతుంది, చూపు నిలవదు, అడుగు తడబడుతుంది, చివరికి పడిపోతుంది. ఇప్పుడు ఈ లక్షణాలను పిచ్చికుక్క గురించి మనం చిన్నప్పుడు విన్న వర్ణనతో పోల్చి చూడండి. ఎండదెబ్బ తగిలి నీళ్ళ కోసం ఊళ్ళోకి వచ్చిన కుక్కలెన్ని రాళ్ళ దెబ్బలు తిని చచ్చాయో ఎవరూ లెక్క రాయలేదు.

*

మన దేశంలో ఈ వేసవి వేట చట్టంగా మారిన వైనం తెలియాలంటే బొంబాయి వెళ్ళాలి. కుంపిణీ ప్రభుత్వం 1813లో అక్కడ ఒక నిబంధన తెచ్చింది. ఏటా ఏప్రిల్ 15 నుంచి మే 15 వరకు, మళ్ళీ సెప్టెంబరు 15 నుంచి అక్టోబరు 15 వరకు వీధుల్లో యజమాని లేకుండా తిరిగే కుక్కలను చంపవచ్చు. ఏ కుక్క ఎవరిని కరిచిందన్న ఆరా దానికి అక్కరలేదు, తేదీ వస్తే చాలు. మా ఊరి టముకుకు పూర్వజన్మ ఇదే అనిపించింది చదివినప్పుడు.

1832లో ఆ వేసవి గడువును పోలీసు మేజిస్ట్రేటు జూన్ 15 దాకా పొడిగించాడు. చంపిన ఒక్కొక్క కుక్కకూ ఎనిమిది అణాలు బహుమానం. ఆ రోజుల్లో అర్ధరూపాయి కూలివాడికి చిన్న సొమ్ము కాదు. పైగా బహుమానం తలకింత అని లెక్కగట్టినప్పుడు, వీధిలో దొరకని కుక్క కోసం ఇళ్ళ ముంగిళ్ళ వైపు చూపు పోవడంలో వింత లేదు. యజమానులున్న కుక్కలను కూడా పట్టి చంపుతున్నారని గగ్గోలు పుట్టింది.

ఆ కోటప్రాంతంలో పార్సీలు ఎక్కువ. వారి మతంలో కుక్కకున్న స్థానం మనం ఊహించలేనిది. మనిషి చనిపోయాక శవాన్ని కుక్కకు చూపించే ‘సగ్దీద్’ అనే ఆచారం వారి అంత్యక్రియల్లో ఒక భాగం. జూన్ 6న, పార్సీలకు పవిత్రమైన రోజున, కుక్కలను చంపుతున్న ఇద్దరు తెల్లజాతి కానిస్టేబుళ్ళ మీద సుమారు రెండు వందల మంది పార్సీలు తిరగబడ్డారు. మర్నాడు దుకాణాలు మూతపడ్డాయి. హిందువులు, జైనులు, ముస్లిములలో కొందరు కూడా కలిశారు. కొలాబాలోని దండుకు వెళ్ళవలసిన సరుకులు ఆగిపోయాయి. ప్రభుత్వం సైన్యాన్ని దింపి, అల్లర్ల చట్టం చదివించి, కొందరిని ఖైదు చేసింది. ఆనక పెద్దమనుషులు అర్జీ పెట్టుకున్నారు. చంపడానికి బదులు కుక్కలను ఊరి వెలుపలికి తరలించేటట్టు ఉత్తర్వు సడలింది.

చరిత్రకారులు ఈ ఘటనను కుక్కల గొడవగా మాత్రమే చూడరు. తమతో ఒక మాట చెప్పకుండా తమ వీధుల్లోకి, ముంగిళ్ళలోకి వచ్చే సర్కారు మీద నగరవాసులకు లోలోన ఉన్న ఆగ్రహం అలా బయటపడిందని అంటారు. అది సబబుగానే ఉంది. నా మనసు మాత్రం మరొక చోట ఆగిపోయింది. సర్కారువారు తేదీని చూశారు, తలలను లెక్కపెట్టారు. ఎదురు తిరిగినవారు కుక్క మీద తమ భక్తినీ మమకారాన్నీ చూపించారు, అందుకోసం జైలుకు కూడా వెళ్ళారు. ఇంతలో వీధిలో ఆ కుక్క ఎవరినైనా కరిస్తే ఎవరు జవాబు చెప్పాలన్న మాట మాత్రం ఆ ఉత్తర్వులోనూ లేదు, ఆ హర్తాళులోనూ లేదు.

విచిత్రమేమంటే, ఆ జవాబు పార్సీల ధర్మశాస్త్రంలోనే ఉంది. వెందీదాద్ పదమూడో అధ్యాయం దాదాపు మొత్తం కుక్కల గురించే. కుక్కకు చెడ్డ తిండి పెట్టినవాడికి అందులో శిక్ష ఉంది. అలాగే, మొరగకుండా కరిచే పిచ్చికుక్క ఇంట్లో ఉంటే దాని మెడకు కొయ్యపట్టీ తగిలించి రాటకు కట్టాలని, రోగిష్ఠి మనిషికి చేసినట్టే దానికి వైద్యం చేయించాలని కూడా ఉంది. కుక్కను పవిత్రంగా చూసిన గ్రంథమే దాన్ని కట్టి ఉంచే కొయ్య గురించి కూడా వివరంగా చెప్పింది. ఆ రెంటినీ విడదీసి చూడవలసిన అవసరం ఆ గ్రంథకర్తలకు కలగలేదు.

*

ఇంకా వెనక్కి వెళితే ఇదే మాట మరింత సూటిగా దొరుకుతుంది. బాగ్దాదు దగ్గర తెల్ హర్మల్ దిబ్బ తవ్వకాల్లో 1940లలో ఎష్నున్నా నగరపు చట్టాలున్న మట్టిపలకలు బయటపడ్డాయి. దాదాపు 3,800 ఏళ్ళ నాటివి. అందులో కుక్క గురించి ఒక చట్టం ఉంది. ఒకడి కుక్క కరిచే కుక్క అయితే, పేట అధికారులు ఆ సంగతి యజమానికి తెలియపరచాలి. తెలిసీ అతడు దాన్ని అదుపులో పెట్టక, అది మనిషిని కరిచి చంపితే 40 షెకెళ్ళ వెండి చెల్లించాలి. చచ్చినవాడు బానిస అయితే 15. మనిషికీ మనిషికీ వెల మార్చిన అన్యాయం ఆ కాలానిది. దాన్ని పక్కనబెట్టి చూస్తే ఆ చట్టంలోని వరస నన్ను ఆకట్టుకుంది. ముందు పేట హెచ్చరించాలి, ఆపైన యజమాని జవాబుదారీ కావాలి. అందులో ఋతువు ప్రసక్తే లేదు.

ఏథెన్సులో సోలోను కరిచిన కుక్కకు కొయ్య తగిలించి అప్పగించాలన్నాడని ప్లూటార్కు రాశాడు. రోములో బజారు అధికారుల శాసనం ఒకటి ఇంకా ముందుకు వెళ్ళింది. జనం నడిచే దారి పక్కన కుక్కను, అడవిపందిని, తోడేలును, ఎలుగును, సింహాన్ని ఎవరికైనా హాని కలిగే విధంగా ఉంచకూడదు. మన ఇంటి ముందు పడుకునే కుక్క ఆ పట్టికలో సింహంతో కలిసి ఉండడం చూస్తే మొదట నవ్వొస్తుంది. దారిన పోయే పరాయివాడి కళ్ళతో చూస్తే ఆ నవ్వు ఆగిపోతుంది.

*

అధికారులు తేదీ పట్టుకుని చంపడం మాని యజమాని చేతికి గొలుసు ఇచ్చినప్పుడు ఏమవుతుందో ఇంగ్లండు చరిత్ర చెబుతుంది. లండనులో 1760 వేసవిలో వీధికుక్కలను చంపితే తలకు రెండు షిల్లింగుల బహుమానం ప్రకటించారు. పిచ్చికుక్కల మీద జనానికి పుట్టిన ఆ వెర్రిభయాన్ని ఆలివర్ గోల్డ్‌స్మిత్ అదే సంవత్సరం ఒక వ్యాసంలో ఎగతాళి చేశాడు. చంపడం ఆగలేదు, జబ్బూ ఆగలేదు. 1871లో వచ్చిన కుక్కల చట్టం అదుపు లేకుండా వదిలిన ప్రమాదకరమైన కుక్కకు యజమానిని బాధ్యుణ్ణి చేసింది. 1897లో వ్యవసాయ శాఖ అధిపతి వాల్టర్ లాంగ్, జబ్బు ఉన్న ప్రాంతాల్లో ప్రతి కుక్క మూతికీ బయట చిక్కం ఉండాలని శాసించాడు. చిక్కం అంటే మనం నూర్పిళ్ళప్పుడు ఎద్దు మూతికి కట్టేదే. ఊరేగింపులు, తిట్లు, అర్జీలు చాలా వచ్చాయి. వేటగాళ్ళ జాగిలాలకు మినహాయింపు ఇచ్చినందుకు పేదవాడి కుక్కకే చిక్కమా అన్నవారి మాటలో న్యాయం ఉంది. అయినా 1902 నాటికి బ్రిటనులో రేబిస్ లేకుండా పోయింది. 1918లో దొంగచాటుగా తెచ్చిన కుక్కలతో తిరిగి వచ్చిన జబ్బును 1922 నాటికి మళ్ళీ తుడిచిపెట్టారు.

ఇక్కడ వేసవి మళ్ళీ ప్రవేశిస్తుంది. తోలుపట్టీతో మూతిని బిగించి కడితే కుక్క నాలుక చాచలేదు, రొప్పలేదు, నీళ్ళు తాగలేదు. ఎండలో అది చిక్కం కాదు, ఉరి. అందుకే కరవడానికి వీలు లేకుండా, గాలి పీల్చడానికీ నీళ్ళు తాగడానికీ వీలుగా ఉండే తీగెచిక్కం కావాలన్నారు. లండనులో 1859లో మంచినీటి కొళాయిలు కట్టించే సంఘం ఒకటి ఏర్పడింది. అది తరవాత పశువులకు కూడా తొట్లు కట్టించింది. మనిషి కోసం పైన ధార, దారిన పోయే కుక్క కోసం అడుగున ఒక చిన్న తొట్టి ఉన్న కట్టడాలు అక్కడి వీధుల్లో ఇంకా కనబడతాయి. మన చలివేంద్రాల పక్కన అటువంటి మూకుడు ఒకటి పెట్టడానికి ఏ చట్టమూ అక్కరలేదు.

*

మనకు చట్టం లేదా అంటే, ఉంది. బొంబాయి అల్లర్లు జరిగిన 28 ఏళ్ళకు, 1860లో వచ్చిన భారత శిక్షాస్మృతి 289వ సెక్షను, తన దగ్గరున్న జంతువు వల్ల మనిషికి ప్రమాదం రాకుండా తగిన జాగ్రత్త తీసుకోనివాడికి ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా విధించింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదే 291వ సెక్షను అయింది, జరిమానా ఐదు వేలకు పెరిగింది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ఇంకొక వైపు నుంచి పట్టుకుంది. ఎప్పుడూ గొలుసుతో కట్టేసి ఉంచే కుక్కను తగినంతగా తిప్పకపోవడం కూడా దాని ప్రకారం నేరమే. అంటే వదిలేయడమూ తప్పే, కట్టేసి మరిచిపోవడమూ తప్పే. రెంటి మధ్యా ఉన్నది గొలుసు పట్టుకుని నడిచే మనిషి.

కరిచాక చేసే వైద్యం కూడా మెల్లగా వచ్చింది. ఉత్తరాన కసౌలీలో 1900లోను, దక్షిణాన కూనూరులో 1907లోను పాశ్చర్ సంస్థలు వెలిశాయి. కసౌలీలో డేవిడ్ సెంపుల్ 1911లో తయారుచేసిన టీకాయే నా సహపాఠికి బొడ్డు చుట్టూ పడిన ఆ పద్నాలుగు సూదులకు మూలం. ఈ శతాబ్ది మొదటి సంవత్సరాల్లో గాని మన దేశం దాన్ని పూర్తిగా మానలేదు. మద్రాసులో బ్లూ క్రాస్ సంస్థ 1964లోనే, చంపవద్దు, సంతాననిరోధక శస్త్రచికిత్స చేయండి అని మొదలుపెట్టింది. ఆ పద్ధతి 2001లో దేశమంతటికీ నిబంధన అయింది, 2023లో కొత్త నిబంధనలుగా మారింది. 2025 ఆగస్టు 11న సర్వోన్నత న్యాయస్థానం ఢిల్లీ ప్రాంతపు వీధికుక్కలన్నిటినీ ఆశ్రయాలకు తరలించమంది. అదే నెల 22న, టీకా వేసి, శస్త్రచికిత్స చేసి, జబ్బున్నవాటినీ మీదపడే స్వభావం గలవాటినీ మినహాయించి, మిగతావాటిని పట్టిన చోటనే వదలమని సవరించింది. రెండు వైపులా ఆవేశంగా మాట్లాడుతున్నవాళ్ళను వింటుంటే 1832 జూన్ గుర్తుకొచ్చింది. వీధికుక్కల్లో ఎన్ని, మా మోతీలాగా, ఎవరో అన్నం పెట్టి పేరు పెట్టి గడియ తీసి వదిలినవో అన్న ప్రశ్న ఆ వాదాల్లో ఎక్కువగా వినబడలేదు.

*

చాలా ఏళ్ళు కుక్కను తేవడానికి నాకు ధైర్యం చాలలేదు. చివరికి ఒక పిల్లను తెచ్చినప్పుడు నాన్నగారు మా దగ్గరే ఉన్నారు. మోతీ పేరు ఆయన 1978 తరవాత ఎత్తగా నేను వినలేదు. కుక్కపిల్లను ఒళ్ళోకి తీసుకోలేదు, ముద్దు చేయలేదు. పడకకుర్చీలోంచి దాని మెడ వైపు చూసి, “బిళ్ళ కట్టించావుట్రా?” అని మాత్రం అడిగారు.

కట్టించాను. ఏటా టీకా వేయిస్తాను. ఎండాకాలంలో సూర్యుడు పైకి రాకముందే బయటికి తీసుకెళతాను. పొద్దెక్కితే అరచేతి వెనకభాగం తారురోడ్డు మీద ఆనించి చూస్తాను. ఐదారు క్షణాలు నేను ఓర్చుకోలేకపోతే దాని అరికాలు కూడా ఓర్చుకోలేదు. చేతిలో నీళ్ళ సీసా, జేబులో పాత కాగితం ఉంటాయి. అది చేసిన మలినం ఎత్తవలసింది నేనే. ఎదురుగా పిల్లలు వస్తే గొలుసు పొట్టిగా పట్టుకుని పక్కకు తప్పుకుంటాను. “ఏం చేయదు బాబూ, మంచిది” అన్న మాట మాత్రం ఎవరితోనూ అనను. మోతీ కూడా మంచిదే.

ఆ సహపాఠి ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. కలిస్తే, ఆ కుక్కకు ఛాతీ మీద తెల్లమచ్చ ఉందా అని అడగాలని ఉంది. అడగగలనో లేదో చెప్పలేను.

అన్నట్టు, ఆ రోజుల్లో పురపాలక సంఘాలవారు ఇచ్చిన కుక్క బిళ్ళ నేనెన్నడూ చేత్తో పట్టుకుని చూడలేదు. చూడవలసిన రోజున మేం తెచ్చుకోలేదు. మీ ఇళ్ళలో పాత ట్రంకుపెట్టె అడుగున అలాంటిదేదైనా ఉంటే, దాని మీద ఏ ఊరి పేరుందో, ఏ సంవత్సరముందో చెప్పండి. అది ఏ కుక్క మెడలో ఉండేదో కూడా.